పుస్తకాల మార్పిడి అని ముందు చెప్పకుండా విందుకు పిలవడం తప్పా?

కూకట్‌పల్లి పాఠకురాలు
గత ఆదివారం మా ఇంట్లో జరిగినదాని గురించి మీ అభిప్రాయం కావాలి. ఎనిమిది మంది స్నేహితులను భోజనానికి పిలిచాను. “మీకు ప్రాణమైన పుస్తకం ఒకటి తెండి, దాని గురించి మాట్లాడుకుందాం” అన్నాను. అంతకు మించి చెప్పలేదు. భోజనాలయ్యాక పుస్తకాలన్నిటినీ పాత వార్తాపత్రికల్లో చుట్టి, చీటీలు వేసి, ఎవరికి వచ్చినది వారే ఉంచుకోవాలని ప్రకటించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక స్నేహితురాలు మాత్రం ఆ తర్వాత పెద్దగా మాట్లాడలేదు.

మూడు రోజుల తర్వాత తెలిసింది. ఆమె తెచ్చినది దుకాణంలో కొన్న పుస్తకం కాదు. వాళ్ల అమ్మగారు వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలను వారం వారం కత్తిరించి, దాచి, చివరికి బైండు చేయించుకున్న నవల. అమ్మగారు ఇప్పుడు లేరు. విషయం చెప్పగానే చీటీలో అది వచ్చిన ఆవిడ మా ఇంటికి వచ్చి తిరిగి ఇచ్చేశారు. కానీ నా మనసు కుదుటపడలేదు.

ముందే చెబితే అందరూ ఇంట్లో అడ్డంగా ఉన్న పుస్తకాలే తెస్తారన్న భయంతో దాచాను. తప్పు చేశానా?

అబిడ్స్ ఆదివారం
తప్పు లేదండీ. మేము రెండేళ్ల క్రితం పదిహేను రోజుల ముందే చెప్పి పెట్టాం. వచ్చినవేమిటో వినండి: కాలం చెల్లిన కంప్యూటర్ పాఠ్యపుస్తకాలు రెండు, పోటీ పరీక్షల గైడు ఒకటి, ఎవరికో పెళ్లిలో బహుమతిగా వచ్చి అట్టయినా తెరవని వంటల పుస్తకం. ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పుస్తకాల గుట్టల ముందు గంటల తరబడి ఎందుకు కూర్చుంటాం? ఏది చేతికి తగులుతుందో తెలియదు కాబట్టి. మీరు ఆ ఆనందాన్ని ఇంటికి తెచ్చారు. ఒక్కరి విషయంలో పొరపాటు జరిగింది, సరిదిద్దుకున్నారు.

ఏలూరు రోడ్డు
నేను గట్టిగా విభేదిస్తున్నాను. ఫుట్‌పాత్ మీద మనం కొంటున్నాం, పోగొట్టుకోవడం లేదు.

తెలుగు పుస్తకం సంగతి ఒకసారి ఆలోచించండి. ఇంగ్లీషులో పేరున్న నవల ఒకటి చెయ్యి జారితే ఫోనులో పది నిమిషాల్లో ఇంకొకటి తెప్పించుకోవచ్చు. మన కథల సంపుటాలు చాలావరకు ఐదు వందలో వెయ్యో ప్రతులు వేస్తారు. అవి అయిపోతే రచయిత కుటుంబమో, ఏ ప్రచురణకర్తో పూనుకుంటే తప్ప మళ్లీ అచ్చు ఉండదు. ఒకరికి అరువిచ్చి పోగొట్టుకున్న సంపుటం కోసం నేను ఆరేళ్లుగా విజయవాడ పుస్తక మహోత్సవంలో ప్రతి జనవరిలో ప్రతి దుకాణమూ తిరుగుతున్నాను. ఇంకా దొరకలేదు.

ఇక రెండో మాట. ఎనిమిది మంది చప్పట్లు కొడుతుంటే “నేనివ్వను” అని ఎవరు అనగలరు? మన మొహమాటం మీకు తెలియనిది కాదు. అడిగిన తీరులోనే కాదనే దారి మూసేశారు. దాన్ని ఇష్టపడి ఇవ్వడం అనలేం.

గళ్ల చొక్కా
పరహస్తం గతం గతః అని ఊరికే అనలేదు పెద్దలు. అంత ప్రాణమైతే గడప దాటించకూడదు.

ఏలూరు రోడ్డు
ఆమె గడప దాటించింది చూపించడానికి. అలా తెమ్మని అడిగిందీ వీరే కదా.

బీరువా తాళాలు
ఇరవై రెండేళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేసి విరమించాను. పుస్తకం బీరువాలో ఉండిపోకూడదని నేనూ నమ్ముతాను. 1935లో కృష్ణా డెల్టా కాలువల్లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య పడవ మీద గ్రంథాలయం నడిపారు. నీళ్ల మీద కూడా పుస్తకాన్ని జనం దగ్గరకు తీసుకువెళ్లిన నేల మనది. అయితే గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఒక నమోదు ఉంటుంది: ఎవరు తీసుకున్నారు, ఎప్పటికి తిరిగి తేవాలి. చదువరికి ధైర్యమిచ్చేది ఆ ఒక్క గీతే. మీ విందులో కూడా “నాలుగు నెలల తర్వాత మళ్లీ కలుద్దాం, పుస్తకాలు తిరిగి తెండి” అని ఉంటే ఎవరి గుండే బరువెక్కేది కాదు.

డల్లాస్ నుంచి
మా ఊళ్లో మాకు తెలుగు పుస్తకం అంటే సామానులో బరువు. ఒక పెట్టెకు ఇరవై మూడు కిలోలు. అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ తీసి పుస్తకాలు సర్దుకున్న సందర్భాలున్నాయి. అలా తెచ్చుకున్నదాన్ని చెప్పకుండా చీటీలో వేస్తే నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లను.

మేము ఏటా రెండుసార్లు మార్పిడి పెడతాం. మార్పిడి అని ముందే చెబుతాం. పుస్తకం పేరు మాత్రం ఎవరూ బయటపెట్టరు. పైన చుట్టిన కాగితం మీద ఇది ఎందుకు ఇష్టమో మూడు వాక్యాలు రాయాలి, ఆ వాక్యాలు చూసే ఎంచుకోవాలి. వదిలించుకోవాలనుకున్న పుస్తకం గురించి మూడు మంచి వాక్యాలు రాయడం ఎంత కష్టమో రాసి చూడండి. గైడ్లు అక్కడే ఆగిపోతాయి. ఏది అందుతుందో తెలియకపోవడం అందరికీ ఇష్టమే. ఏది పోతుందో తెలియకపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అబిడ్స్ ఆదివారం
మూడు వాక్యాల పద్ధతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ముందే తెలిస్తే చాలామంది కొత్త ప్రతి కొని తెస్తారు. అప్పుడది పుట్టినరోజు కానుకలా ఉంటుంది. నాకు కావలసింది ఒకరు చదివిన ప్రతి. పెన్సిలు గీతలు, పేజీల మధ్య మరిచిపోయిన బస్సు టికెట్టు, మొదటి పేజీలో కొన్న తేదీ, ఊరు. వాటితోనే ఆ స్నేహితుడు ఎలా చదువుతాడో తెలుస్తుంది. దీన్ని వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను.

ఏలూరు రోడ్డు
ఆ గీతలు నా కోసం నేను గీసుకున్నవి. చూడనివ్వాలో లేదో నన్ను అడగాలి.

కూకట్‌పల్లి పాఠకురాలు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. “అడిగి ఉంటే ఆ పుస్తకమే తెచ్చేదాన్ని. రెండు పేజీలు చదివి వినిపించేదాన్ని కూడా. ఇవ్వడానికి ఇంకొకటి తెచ్చేదాన్ని” అంది. నేను తప్పే చేశాను. అబిడ్స్ ఆదివారం గారూ, మీరు నా తరఫున మాట్లాడారు, కానీ నన్ను నేను సమర్థించుకోలేకపోతున్నాను. వచ్చేసారి ముందే చెబుతాను, మూడు వాక్యాలు రాయిస్తాను, చదివిన ప్రతే కావాలని కూడా అడుగుతాను.

ఒక సంగతి చెప్పడం మరిచాను. ఆ బైండు పుస్తకం చీటీలో వచ్చిన ఆవిడ, ఉన్న మూడు రోజుల్లో పదకొండు వారాల భాగం చదివేశారట. తర్వాత ఏమవుతుందో తెలియక నిద్ర పట్టడం లేదని ఫోను చేశారు. మా స్నేహితురాలు ఆమెను ఈ శనివారం ఇంటికి రమ్మంది. పుస్తకం అక్కడే ఉంటుంది, ఈవిడ వెళ్లి చదువుకుంటారు.