అప్‌డేట్: 17 మి.మీ. రబ్బరు మ్యాట్ నున్నగా తెగింది

అడిగిన సమస్య ఇది: పశువుల కొట్టంలో పరిచే 17 మి.మీ. రబ్బరు మ్యాట్‌ను కోస్తుంటే బ్లేడు మధ్యలో ఇరుక్కుపోతోంది, అంచు మెట్లుమెట్లుగా వస్తోంది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్, పని పూర్తయింది.

గట్టెక్కించింది "గీత కింద చెక్క పెట్టండి" అన్న సలహానే. సరిగ్గా గీత కిందకు 2 అంగుళాల రీపర్ పెడితే మ్యాట్ అటూ ఇటూ బరువుకు వాలి, కోత నోరు తెరుచుకుంటుంది. బ్లేడును రబ్బరు పట్టేయదు. ఇరుక్కోవడానికి అసలు కారణం ఆ బిగింపే.

18 మి.మీ. కట్టర్‌కు (కొస అరిగితే ముక్కగా విరిచేసే బ్లేడున్న చాకు) కొత్త బ్లేడు వేసి, ఇనుప యాంగిల్ ఆనించి, మొదటి గీత 2 మి.మీ. లోతే గీయాలి. ఈ గీత వంకర పోతే చివరిదాకా వంకరే. తర్వాత అదే గాడిలో ఐదారుసార్లు లాగాలి. బ్లేడుకు సబ్బునీళ్లు రాస్తూ ఉంటే కీచుమనకుండా జారుతుంది. లాగుడు బరువెక్కగానే బ్లేడు కొస విరిచేయాలి.

గుంజ చుట్టూ సరిపోయేలా మ్యాట్‌ను కోసే చోట, లోపలి మూలల్లో ముందే 10 మి.మీ. రంధ్రం వేస్తే చీలిక పాకదు.

ఎండలో వేడిచేయడం అనవసరం. రబ్బరు సాగి, చల్లారాక కొలత తగ్గుతుంది. జిగ్‌సాతో (కరెంటు రంపం) కోస్తే అంచు కాలి జిగురుగా మారింది.