«పూర్వరూపం» అనొచ్చా? దవడలేని చేపల రోగనిరోధక జన్యువుల గురించి ఒక వాక్యం మీద చర్చ

అనువాదకుడు:
పరిణామం మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఒక వాక్యం ఇలా వచ్చింది: «లాంప్రేలవంటి దవడలేని చేపల్లోని ప్రతిరక్షకాలు మన ప్రతిరక్షకాలకు పూర్వరూపాలు.» ప్రతిరక్షకం అంటే యాంటీబాడీ. ఇందులో «పూర్వరూపం» సరైన మాటేనా? లాంప్రేకి «మలుగు» అని పెట్టొచ్చా? చూడటానికి అలాగే ఉంటుంది కదా.

చేపల పరిశోధకురాలు:
మలుగు వద్దండీ. మలుగుకి దవడలున్నాయి, అది అసలైన ఎముక చేప. బొమ్మిడాయికీ అంతే. లాంప్రేకి దవడలూ లేవు, జత రెక్కలూ లేవు. ముక్కురంధ్రం ఒక్కటే, ఒక్కో పక్క ఏడేసి మొప్ప రంధ్రాలు. నోరు గుండ్రటి చూషకం, దానినిండా కొమ్ముపదార్థంతో చేసిన పళ్లు. ఒంటి పొడవు ఒక్కటీ చూసి మలుగు అంటే పాఠకుడు చెరువులో దొరికే చేపని ఊహించుకుంటాడు. «లాంప్రే» అనే ఉంచండి. గుంపు మొత్తానికి «దవడలేని చేపలు» చాలు. «హనురహిత మత్స్యాలు» తప్పేం కాదు, హనుమంతుడి పేరులోని హనువే అది. కానీ వ్యాసం మామూలు పాఠకుడికైతే దవడే మేలు.

అసలు గొడవ «పూర్వరూపం» దగ్గరే. ఆ మాట వాడితే వాక్యం శాస్త్రపరంగా తప్పవుతుంది.

జీవశాస్త్రం పంతులు:
తప్పు అంటే ఎంత తప్పు, మేడమ్? దవడలేని చేపలు దవడ ఉన్నవాటి నుంచి విడిపోయి సుమారు 50 కోట్ల ఏళ్లు అంటారు. పాత గుంపులో ఉన్నది పాతరూపం అనుకోవడం సహజమే కదా.

చేపల పరిశోధకురాలు:
సహజమే, చాలా పుస్తకాల్లో జరిగేదీ అదే. కానీ ఈనాటి లాంప్రే మన తాత కాదు, దూరపు జ్ఞాతి. విడిపోయాక దాని వంశమూ 50 కోట్ల ఏళ్లు మారుతూనే వచ్చింది.

ఇక ప్రోటీన్ల సంగతి. మన ప్రతిరక్షకం ఇమ్యునోగ్లోబ్యులిన్ మడత అనే ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ ఆకారంతో తయారవుతుంది. దాని జన్యువులో వి, డి, జె అనే ముక్కలు దూరదూరంగా ఉంటాయి. లింఫోసైటు (రోగనిరోధక పని చేసే ఒక తెల్లరక్తకణం) ఎదిగేటప్పుడు రాగ్-1, రాగ్-2 అనే ఎంజైములు ఆ ముక్కల అంచుల్లోని గుర్తు వరుసల దగ్గర డీఎన్ఏను తెంచుతాయి, మధ్యభాగం తొలగి చివరలు అతుకుతాయి. లాంప్రేలో ఈ రాగ్ పద్ధతే లేదు, ఇమ్యునోగ్లోబ్యులిన్ మడతతో చేసిన ప్రతిరక్షకమూ లేదు, ప్రోటీన్ ముక్కల్ని టి కణాలనే లింఫోసైట్లకు చూపించే ఎంహెచ్‌సీ కూడా లేదు. 1960లలోనే లాంప్రేలకి టీకాలాంటి ఇంజెక్షన్లిస్తే రక్తంలో ప్రతిస్పందన కనిపించింది, పరాయి చర్మాన్ని అతికిస్తే తిరస్కరించాయి. దేనితో చేస్తున్నాయో మాత్రం 2004 దాకా అంతుపట్టలేదు. ఆ ఏడు జీవ్ పాన్సర్, మాక్స్ కూపర్ బృందం సముద్ర లాంప్రేలో వీఎల్ఆర్ (ఒక్కో లింఫోసైటులో ఒక్కో రూపం తీసుకునే గ్రాహకం, అంటే పరాయి పదార్థాన్ని పట్టుకునే ప్రోటీన్) జన్యువును బయటపెట్టింది.

వీఎల్ఆర్ ప్రోటీన్ ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే చిన్న ముక్కలు వరుసగా పేర్చిన వంపు. మడతల తీరు సూక్ష్మజీవుల్ని పసిగట్టే టోల్ గ్రాహకాలను గుర్తుచేస్తుంది తప్ప మన ప్రతిరక్షకాన్ని కాదు. పుట్టుకతో వచ్చే జన్యువు అసంపూర్ణం. మొదలూ చివరా ఉంటాయి, నడుమ భాగం పూర్తి కాదు. దానికి అటూ ఇటూ వందల కొద్దీ ముక్కలు పడి ఉంటాయి. కణం ఎదిగేటప్పుడు వరుసలు కొద్దిగా కలిసిన చోట ఆధారం చేసుకుని వాటిలోంచి ఒక్కొక్కటే నకలు తెచ్చి నడుమ నింపుకుంటుంది. మూల ముక్క తన చోటే ఉంటుంది. ఇలా కుదిరే రకాలు లెక్కకు 10¹⁴ దాకా వెళ్లొచ్చని అంచనా.

అనువాదకుడు:
అయితే ఈ పనిని «ఎత్తిరాత» అనొచ్చా? తాళపత్రాల్లో వాడే మాట. నాకు నచ్చింది.

జీవశాస్త్రం పంతులు:
బాగుంది గానీ చిక్కుంది. పాఠ్యపుస్తకాల్లో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారవడాన్ని «అనులేఖనం» అంటారు. ఎత్తిరాత దానికి అచ్చ తెలుగులా వినిపిస్తుంది, పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. మేడమ్ గారి «నకలు తెచ్చి నింపుకోవడం» పొడవైనా స్పష్టం. మనవైపు జరిగేదానికి «తెంచి అతకడం». ఈ రెండు క్రియలూ పక్కపక్కన పెడితే తేడా అంతా పాఠకుడికి కనపడుతుంది.

«పూర్వరూపం» బదులు పదో తరగతి పుస్తకంలోనే మాట ఉంది: క్రియాసామ్యం. పక్షి రెక్క, కీటకం రెక్క వేర్వేరు నిర్మాణాలు, పని ఒకటే. నిర్మాణసామ్యం దానికి వ్యతిరేకం.

చేపల పరిశోధకురాలు:
ప్రోటీన్‌కి క్రియాసామ్యమే సరి. కానీ ఆ మాటను వాక్యం మొత్తానికీ అంటగట్టకండి, మాస్టారూ. కణాల దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది.

లాంప్రేలో ముఖ్యమైన వీఎల్ఆర్‌లు మూడు. వీఎల్ఆర్-బి కణాలు మనలో ప్రతిరక్షకాలు తయారుచేసే బి కణాల్లాంటివి. ఆ ప్రోటీన్‌ని రక్తంలోకి వదులుతాయి, ఎనిమిదో పదో ఉపాంశాలు కలిసి ఒక గుత్తిగా. వీఎల్ఆర్-ఎ, సి కణాలు టి కణాల్లాంటివి, ప్రోటీన్‌ని ఉపరితలం మీదే ఉంచుకుంటాయి. లార్వా మొప్ప తంతువుల కొసల్లో థైమస్‌లాంటి (మనలో టి కణాలు ఎదిగే అవయవం) కణజాలం ఉందని 2011లో చూపించారు. ఇన్ని పోలికలు యాదృచ్ఛికం కావు. లింఫోసైట్లలోని ఈ రెండు రకాలూ దవడ ఉన్న, లేని గుంపులు విడిపోకముందే ఉన్నాయనుకోవడమే సబబు. అంటే కణాలు ఉమ్మడి వారసత్వం, గ్రాహకాలు ఎవరివి వారివి.

పనిముట్ల విషయంలో ఇంకో మెలిక. నకలు నింపే పనికి లాంప్రేలో సీడీఏ-1, సీడీఏ-2 అనే ఎంజైములు ఉన్నాయి. వీఎల్ఆర్-బి కూర్పుకు సీడీఏ-2 తప్పనిసరని 2020లో ఆ జన్యువును చెడగొట్టి నిరూపించారు. అవి మన ప్రతిరక్షక జన్యువుల్లో మార్పులు తెచ్చే ఏఐడీ ఎంజైము కుటుంబానివే. కోడి తన ప్రతిరక్షకాల్లో వైవిధ్యం కోసం పక్కనున్న పనికిరాని జన్యువుల నుంచి నకళ్లు తెచ్చుకునేదీ ఏఐడీతోనే. కాబట్టి «తెంచడం మనది, నకలు వాళ్లది» అని గీత గీసినా అబద్ధమే.

అనువాదకుడు:
మరి వీఎల్ఆర్-బిని «ప్రతిరక్షకం» అనొచ్చా, వద్దా?

చేపల పరిశోధకురాలు:
పనిని బట్టి పెట్టిన పేరు కాబట్టి అనొచ్చు. పరిశోధకులూ అంటారు. ఆంథ్రాక్స్ బీజాల పైపొరనీ, రక్తవర్గ చక్కెరల్నీ పట్టుకునే వీఎల్ఆర్‌లు తయారయ్యాయి. చక్కెరల విషయంలో ఇవి చాలా పనికొస్తాయి. కానీ మొదటిసారి «లాంప్రే ప్రతిరక్షకం» అనండి, వెంటనే «ఇమ్యునోగ్లోబ్యులిన్ కాదు» అని చేర్చండి. యాంటీబాడీకి «ప్రతిదేహం» అనే మాట వాడినా ఇదే షరతు.

ఇంకోటి. 2016లో చూపించినట్టు, రాగ్‌లాంటి దూకే జన్యువు (డీఎన్ఏలో చోటు మారే ముక్క) ఆంఫియాక్సస్ అనే వెన్నెముక లేని చిన్న సముద్రజీవిలోనూ ఉంది. అది వెన్నెముక జీవుల కంటే ముందే విడిపోయిన వంశం. అంటే రాగ్ ముడిసరుకు లాంప్రే కంటే పాతది. లాంప్రే దాన్ని వాడుకోలేదో, పోగొట్టుకుందో. «ముందు వీఎల్ఆర్, తర్వాత మనది» అనే వరస నిలబడదు.

జీవశాస్త్రం పంతులు:
అయితే వాక్యం ఇలా ఉండొచ్చు: «దవడలేని చేపల ప్రతిరక్షకాలు మనవాటికి పూర్వరూపాలు కావు. రెండు వంశాలకూ లింఫోసైట్లు ఉమ్మడి పూర్వికుల నుంచి వచ్చాయి, వాటి గ్రాహకాలు మాత్రం వేరువేరుగా పుట్టి ఒకే పని చేస్తున్నాయి.»

అనువాదకుడు:
ఇదే పెడుతున్నాను. «పుట్టి» తీసి «రూపుదిద్దుకుని» అంటాను, జన్యువులు శూన్యంలోంచి రాలేదు కదా.

చేపల పరిశోధకురాలు:
సరైన సవరణ. ల్యూసిన్ ముక్కలు అంతకుముందే వేరే పనుల్లో ఉన్నవే. మన ప్లేట్‌లెట్ల మీద రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక గ్రాహకానికి వీఎల్ఆర్ చివరి భాగం దగ్గరగా ఉంటుంది.