డేకేర్‌లో డైపర్ మార్చే పద్ధతి నచ్చట్లేదు, మేనేజర్‌తో ఎలా మాట్లాడాలి?

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, పాపకి పది నెలలు, మా ఆఫీసుకి టై-అప్ ఉన్న క్రెష్‌లో వేశాం. 2017లో చట్టం మార్చాక 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఆఫీసులకి క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగు సార్లు వెళ్లి చూసుకోవచ్చు కాబట్టి మధ్యాహ్నం వెళ్తుంటా. వెళ్తే ఏముంది, ఆయమ్మ ఒకే రెగ్జిన్ షీటు మీద పిల్లల్ని వరసపెట్టి మార్చేస్తోంది, మధ్యలో ఒకటే తడిగుడ్డతో అలా తుడిచేసి, చేతులకి శానిటైజర్ రాసుకుని వెంటనే పక్క బాబుకి ఉగ్గు పెట్టేస్తోంది. మోషన్స్ తెప్పించే నోరో వైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచెయ్యదు, సబ్బుతో కడగాల్సిందే కదా! అడిగితే "గ్లోవ్స్ ఇచ్చాం మేడమ్" అంటారు, ఆ గ్లోవ్స్‌తోనే తలుపు గొళ్లెం తీస్తుంటే ఇంకేం లాభం. పైగా ఎత్తు టేబుల్, ఆవిడ వైప్స్ కోసం వెనక్కి తిరిగినప్పుడు మా పాప బోర్లా తిరిగిపోయింది, నా పైప్రాణాలు పైనే పోయాయి.

మీ పిల్లల డేకేర్లలో ఎలా చేస్తున్నారు? ఇంటి నుంచి విడిగా షీటు పంపితే వాడతారా? టేబుల్‌ని ముందు సబ్బు నీళ్లతో, తర్వాత పల్చటి బ్లీచ్ నీళ్లతో తుడిచి ఆరనివ్వమంటే మరీ ఎక్కువ అడిగినట్టా? ఆయమ్మ మంచి మనిషే, అంతమందిని ఒక్కతే చూసుకుంటోంది, ఆవిడ ఉద్యోగానికి ఎసరు రాకుండా ఈ విషయం ఎలా ఎత్తాలో కాస్త చెప్పండి ప్లీజ్.