తొమ్మిది కంప్యూటర్ల ఆఫీసుకు ‘నాస్’ అవసరమా?

గుంటూరు మిర్చి
మాది మిర్చి ఎగుమతి చేసే చిన్న భాగస్వామ్య సంస్థ. ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లు ఉన్నాయి. లాట్ల ఫొటోలు, ల్యాబ్ రిపోర్టులు, ఇన్వాయిస్‌లు అన్నీ అకౌంటెంట్ గారి కంప్యూటర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఆయన దాన్ని ఆపేసి ఇంటికి వెళితే మిగతా ఎనిమిది మందీ చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అందుకని ఎవరికి వారు నకళ్లు పెట్టుకున్నారు. ఇప్పుడు ఒకే ఇన్వాయిస్ ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’ అని మూడు రూపాల్లో తిరుగుతోంది. ఫిబ్రవరిలో తేజ రకం కంటెయినర్ బయలుదేరే వేళ పాత బరువులున్న ప్యాకింగ్ లిస్టు ఏజెంటుకు వెళ్లింది. సవరణకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు.

అందరి ఫైళ్లూ ఒకచోట ఉంచి నెట్‌వర్క్ మీద అందించే నాస్ పెట్టె కొందామని నేను అంటున్నాను. పెద్ద భాగస్వామి అయిన మా అన్నయ్య వద్దంటున్నారు. పెన్‌డ్రైవ్ చాలని ఆయన వాదన. వాడినవారు చెప్పండి.

ఆటోనగర్ విడిభాగాలు
నేను మీ అన్నయ్య గారి పక్షం. మేము కొన్నాం, నష్టపోయాం. అమ్మినవారు ‘ఇక మీ డేటాకు ఢోకా లేదు’ అన్నారు. అందరి కంప్యూటర్లలోనూ ఒక డ్రైవ్‌లా కనిపించేటట్టు పెట్టి, అందరికీ అన్ని ఫోల్డర్లలో రాసే అధికారం ఇచ్చి వెళ్లిపోయారు. ఒక రోజు కౌంటర్‌లోని అబ్బాయి కొరియర్ బిల్లు అనుకుని మెయిల్‌లో వచ్చిన ఫైలు తెరిచాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు పార్టు నంబర్ల జాబితాలు, ధరల పట్టికలు, బాకీల లెక్కలు ఏ ఒక్కటీ తెరుచుకోలేదు. తాళం తీయడానికి డబ్బు అడుగుతూ ఒక చీటీ మాత్రం ప్రతి ఫోల్డర్‌లో ఉంది. విడివిడిగా ఉన్న రోజుల్లో అయితే ఒక్క కంప్యూటర్ పోయేది. అన్నీ ఒకచోట చేర్చి, దొంగకు దారి మేమే చూపించాం.

కేబుల్ పని, విజయవాడ
ఆటోనగర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ తప్పు పెట్టెది కాదండీ, తాళాలు పంచిన తీరుది. నాస్ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించడమే పనిగా పెట్టుకున్న చిన్న కంప్యూటర్. ఎవరు ఏది చూడాలో, ఎవరు ఏది మార్చాలో అందులో విడివిడిగా నిర్ణయించవచ్చు. కౌంటర్ అబ్బాయికి ధరల పట్టిక చూసే వీలుంటే చాలు, మార్చే వీలు ఎందుకు? పైగా ఇప్పుడు వస్తున్న చాలా పెట్టెల్లో ‘స్నాప్‌షాట్’ సౌకర్యం, అంటే ఫైళ్లు ఆ క్షణాన ఎలా ఉన్నాయో గుర్తుంచుకునే వీలు, ఉంటుంది. గంటకోసారి తీయించేలా పెట్టి ఉంటే, ఫైళ్లు పాడైనా ఉదయం పదింటి స్థితికి వెనక్కు వెళ్లేవారు.

మిర్చి గారికి ఒక మాట. ముందు మీ కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ చూసుకోండి. నేను వెళ్లిన చాలా ఆఫీసుల్లో పెట్టె కొత్తది, స్విచ్ మాత్రం పాత 100 మెగాబిట్‌ది. దానిమీద సెకనుకు 12 మెగాబైట్లకు మించి కదలవు. 200 గిగాబైట్ల ఫొటోలు చేర్చడానికి నాలుగున్నర గంటలు దాటుతుంది. గిగాబిట్ స్విచ్ అయితే అదే పని అరగంటలో అయిపోతుంది. పాత స్విచ్ అలాగే ఉంచుకుని, తర్వాత అందరూ ‘నాస్ నెమ్మది’ అని నిందిస్తారు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటాను మాత్రం వై-ఫై మీదుగా తెరవనివ్వకండి. మధ్యలో సిగ్నల్ పోతే ఫైలు చెడిపోవచ్చు.

పటమట డిజైనర్
ఈ రోజుల్లో పెట్టెలు ఎందుకండీ? క్లౌడ్‌లో పెట్టుకుంటే డిస్కు మార్చే పని లేదు, యూపీఎస్ పని లేదు.

కేబుల్ పని, విజయవాడ
మీలాంటి ఒక్కరి ఆఫీసుకు సరే. తొమ్మిది మంది రోజూ పెద్ద ఫైళ్లు తెరిచే చోట లెక్క వేరు. 20 మెగాబిట్ల అప్‌లోడ్ లైను మీద 200 గిగాబైట్లు పైకి పంపడానికి ఆగకుండా 22 గంటలు పడుతుంది. లైను తెగిన రోజు మొత్తం ఆఫీసు ఆగిపోతుంది. క్లౌడ్‌ను రెండో కాపీకి వాడమని నేనే చెబుతాను.

బ్రాడీపేట ఆడిటర్
నేను నాస్ వైపే, కానీ నా కారణం వేరు. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. అదే కంపెనీ అయితే ఇంకా గట్టి నిబంధన ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఉన్న అకౌంటు పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలోని సర్వర్‌లో ఉండాలని 2022 ఆగస్టులో రూలు మార్చారు. మీది భాగస్వామ్య సంస్థ కాబట్టి ఆ కంపెనీ నిబంధన మీకు వర్తించదు. అయినా నాలుగేళ్ల కిందటి ఇన్వాయిస్ అడిగితే ‘ఉద్యోగి మానేశారు, ల్యాప్‌టాప్ తీసుకెళ్లారు’ అని చెప్పిన క్లయింట్లను చూశాను. అధికారి ఎదుట ఆ జవాబు చెప్పేటప్పుడు వారి పక్కన కూర్చున్నది నేను. కాగితం సంస్థ దగ్గర ఉండాలి, మనిషి దగ్గర ఉండకూడదు.

సింగ్‌నగర్ ప్రెస్సు
ఇక్కడ ఎవరూ నీటి మాట ఎత్తలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చింది. మా ప్రెస్సు కింది అంతస్తులో. నాలుగు డిస్కుల నాస్ బల్ల కింద ఉండేది. దాని బ్యాకప్ తీసే హార్డ్ డిస్కు అదే బల్ల సొరుగులో. నేను శ్రద్ధగా వారం వారం బ్యాకప్ తీసేవాడిని. ఒక్క వారం తప్పలేదు. నీళ్లు తీశాక లోపలికి వెళ్లి సొరుగు లాగితే బురద బయటకు జారింది. పెళ్లి పత్రికల డిజైన్లు పోతే మళ్లీ గీసుకున్నాం. కానీ ఒక ఊరి గ్రంథాలయం వారు స్కాన్ చేసి ఉంచమని ఇచ్చిన పాత పత్రికల ఫైళ్లు కూడా అందులోనే ఉన్నాయి. అవి వారికి తిరిగి ఇవ్వలేకపోయాను.

నాలుగు డిస్కులుంటే ఒకటి పోయినా మిగతావి కాపాడతాయని నాకు చెప్పారు. నిజమే, ఒకటి పోతే. నాలుగూ ఒకే నీళ్లలో మునుగుతాయని నాకు తట్టలేదు.

కేబుల్ పని, విజయవాడ
ప్రెస్సు గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. రెయిడ్ అనే పద్ధతిని బర్కిలీ పరిశోధకులు 1988లో వివరించినప్పుడు చెప్పింది చవక డిస్కులను జతచేయడం, ఒకటి చెడినా పని ఆగకుండా చూడడం గురించి. దాన్ని బ్యాకప్ అని చెప్పి అమ్మడం మా వృత్తిలోనివారు చేస్తున్న తప్పు. నేనూ మొదట్లో అలాగే చెప్పాను. ఇప్పుడు మరో ఊళ్లో కాపీ పెట్టడానికి ఒప్పుకోనివారికి పెట్టె బిగించను.

ఇంకొకటి. పాత జెరాక్స్ మెషిన్ నుంచి స్కాన్లు నేరుగా ఫోల్డర్‌లో పడాలంటే నాస్‌లో ఎస్ఎంబీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షన్ తెరవమని అడుగుతారు. తెరవకండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై ప్రపంచమంతా పాకింది విండోస్‌లోని ఆ వెర్షన్ లోపం పట్టుకునే. అలాగే ఇంటి నుంచి చూసుకోవచ్చని నాస్‌ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచిపెట్టకండి. 2022 జనవరిలో అలాంటిదే అయిన డెడ్‌బోల్ట్ దాడి అలా తెరిచి ఉన్న పెట్టెల మీదే జరిగింది.

మిర్చి అన్నయ్య
ఆ వద్దన్న అన్నయ్యను నేనే. తమ్ముడు లింకు పంపితే మొత్తం చదివాను. పెన్‌డ్రైవ్ మాట నేను కోపంలో అన్నాను. నా అసలు అభ్యంతరం తమ్ముడు ఇక్కడ రాయలేదు. మా అకౌంటెంట్ గారు పంతొమ్మిదేళ్లుగా ఆ ఫోల్డర్‌ను కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. ఏ ఫైలు ఎక్కడుందో ఆయన నోటితో చెబుతారు. పెట్టె వస్తే అది ఎవరిది? సీజన్‌లో తమ్ముడు తెల్లవారితే యార్డుకు పోతాడు. దానిలో ఎర్ర లైటు వెలిగితే చూసేదెవరు? అమ్మినవారు మూడు నెలలు ఫోను ఎత్తుతారు. ప్రెస్సు గారు వారం తప్పకుండా చూసుకున్నా అంత జరిగింది. ఎవరూ చూడని మా ఆఫీసులో ఏం జరుగుతుంది?

గుంటూరు మిర్చి
అన్నయ్యా, ఈ మాట నాతో అన్నప్పుడు నేను సరిగా వినలేదు. అకౌంటెంట్ గారినే దాని బాధ్యుడిగా పెడదాం. ఎవరికి ఏ ఫోల్డరో ఆయనే చెబుతారు, పాస్‌వర్డు ఆయన దగ్గర, నీ దగ్గర. జీతంలో ఆ పనికి విడిగా కలుపుదాం. పెట్టె రెండో అంతస్తులో, యూపీఎస్ మీద. ప్రతి శనివారం ఆయన ఒక బ్యాకప్ డిస్కు తీసి మన కోల్డ్ స్టోరేజీకి పంపితే, అక్కడున్న డిస్కు వెనక్కు వస్తుంది.

మిర్చి అన్నయ్య
అలా అయితే కొను. సోమవారం ఆయనతో నేనే మాట్లాడతాను.

సింగ్‌నగర్ ప్రెస్సు
డిస్కును కోల్డ్ స్టోరేజీ చాంబర్ లోపల పెట్టకండి, బయట ఆఫీసు గది అల్మారాలో పెట్టండి. చల్లటి గది నుంచి తీసిన డిస్కు మీద మన గుంటూరు గాలికి చెమ్మ పడుతుంది. నెలకోసారి దానిలోంచి ఏదైనా ఒక ఫైలు తెరిచి చూడండి.