తరిగొండ ఇంటిపేరు వాళ్లంతా ఒకే వంశమా?

పాకాల వాసి:
మా ఇంటిపేరు తరిగొండ. పాకాల దగ్గర పల్లెలో మావి రెండే గడపలు, చుట్టుపక్కల ఇంకెక్కడా ఈ పేరు వినలేదు. ఇప్పుడు మా చెల్లెలికి మదనపల్లె నుంచి సంబంధం వచ్చింది, అబ్బాయి, ఉద్యోగం, కుటుంబం అన్నీ నచ్చాయి, తీరా చూస్తే వాళ్లదీ తరిగొండే. అన్నాచెల్లెళ్ల వరస అవుతుందని మా పెద్దనాన్న ససేమిరా అంటున్నారు. పోనీ తరిగొండకే వెళ్లి విచారిస్తే, ఆ ఇంటిపేరు వాళ్లు ఊళ్లో ఎవరూ లేరన్నారు. మరి మేమెక్కడి వాళ్లం? మాది భక్త కవయిత్రి వెంగమాంబ గారి వంశమని కూడా ఇంట్లో అంటుంటారు. తెలిసినవాళ్లు చెప్పండి, అందరం టెన్షన్‌లో ఉన్నాం.

వాయల్పాడు మాస్టారు:
బాబూ, తరిగొండలో తరిగొండ వాళ్లు లేకపోవడంలో వింతేమీ లేదు. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు కదా, ఊరు దాటి ఇంకోచోట కాపురం పెట్టాకే 'తరిగొండ వాళ్లు' అవుతారు. వెంగమాంబ గారినే తీసుకోండి. పుట్టింటి పేరు కానాల, అత్తింటి పేరు ఇంజేటి. గుర్రంకొండ మండలంలోని తరిగొండ ఆమె పుట్టిన ఊరు, అంతే. తిరుమలలో స్థిరపడ్డాక ఊరి పేరే ఆమె పేరుకు ముందు నిలిచిపోయింది, కొండమీద అన్నప్రసాద కేంద్రానికీ ఆ పేరే పెట్టారు. అందుకని ఇంటిపేరును బట్టి ఆమె వంశమని చెప్పుకోకండి. ఊరు వదిలి వచ్చినవాళ్లు ఏ కులం వాళ్లయినా, ఏ కాలంలో వచ్చినా అదే పేరు పడుతుంది. అయినా మీ పెద్దనాన్నగారి పట్టింపు తీసిపారేసేది కాదు, ముందు రెండిళ్ల గోత్రాలూ అడగండి. గోత్రం కూడా కలిస్తే ఆ సంబంధం మాట ఇక ఎత్తకండి.

చిత్తూరు డాక్యుమెంట్ రైటర్:
ఓటర్ల జాబితాలో వెతుకుదామనుకుంటారేమో, మన వైపు సగం మంది దొరకరు. మద్రాసు అలవాటు, ఇంటిపేరు ఒక్క అక్షరానికి దిగిపోతుంది, 'టి.' అని ఉంటే తాళ్లపాకా కావచ్చు, తరిగొండా కావచ్చు. దానికన్నా మీ తాతగారు పొలం కొన్న దస్తావేజు ఉంటే తీయండన్నా. పాతవాటిలో తండ్రి పేరు, కులం, వృత్తి, 'ఫలానా గ్రామ కాపురస్తులు' అని వివరంగా రాసేవాళ్లు. ఇంకా వెనక్కి పోవాలంటే ఒకటి గుర్తుపెట్టుకోండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు వాయల్పాడు, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి, చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో ఉండేవి. ఒకే ఇంటి కాగితాలు రెండు జిల్లాల్లో ఉండొచ్చు.

పాకాల వాసి:
చాలా థాంక్స్ మాస్టారూ, థాంక్స్ అన్నా. గోత్రాలు వేరని మధ్యవర్తి అంటున్నాడు. కానీ రెండిళ్లకూ ఇలవేల్పు తరిగొండ నరసింహస్వామే, పెద్దనాన్న ఇప్పుడు అది పట్టుకున్నారు.

వాయల్పాడు మాస్టారు:
ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లు ఆ స్వామికి కాక ఇంకెవరికి మొక్కుతారు? దానివల్ల వరస మారదని నా మాటగా చెప్పండి. గోత్రం సంగతి మాత్రం మధ్యవర్తిని నమ్మి వదిలేయకండి, మదనపల్లె వెళ్లి వాళ్లింటి పెద్దవాళ్ల నోటే వినండి.