బేలం, గండికోట, లేపాక్షి, హంపి యాత్రకు సోనీ ఎ6400తో ఏ లెన్సులు తీసుకెళ్లాలి?

ప్రశ్న

డిసెంబరులో కర్నూలు నుంచి కారులో బయలుదేరి బేలం గుహలు, గండికోట, లేపాక్షి, హంపి చూసి రావాలనుకుంటున్నాం. నా దగ్గర సోనీ ఎ6400 కెమెరా, దాంతోపాటు వచ్చిన 16-50 ఎంఎం కిట్ లెన్సు ఉన్నాయి. షాపులో 18-300 ఎంఎం జూమ్ లెన్సు చూపించి, ఇదొక్కటి ఉంటే చాలన్నారు. తెలిసినవాళ్లేమో ఎఫ్/2.8 లెన్సు (ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుందట) లేకుండా గుళ్లకు వెళ్లొద్దంటున్నారు. మహా అయితే రెండు లెన్సులు కొనగలను. అమ్మానాన్నలతో వెళ్తున్నాం కాబట్టి పెద్ద సంచీ మోయడం కుదరదు. ట్రైపాడ్ కూడా కొనాలా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు 1

కొనేముందు ఒక పని చేయండి. ఇప్పటిదాకా తీసిన ఫోటోలను లైట్‌రూమ్‌లో గానీ, ఉచితంగా దొరికే డిజికామ్‌లో గానీ తెరిచి ఫోకల్ లెంగ్త్ (లెన్సు మీది ఎంఎం అంకె; తగ్గితే వెడల్పుగా, పెరిగితే దూరంవి దగ్గరగా వస్తాయి) వారీగా ఫిల్టర్ చేయండి. ఎక్కువ ఫోటోలు 16 దగ్గర పడితే మీకు కావలసింది వెడల్పు. 50 దగ్గర గుంపుగా ఉంటే దూరం చాలడం లేదన్నమాట. షాపువాళ్ల సలహాకన్నా ఈ లెక్క మీకు బాగా పనికొస్తుంది.

ఇక మీ దారి సంగతి. ఈ నాలుగు చోట్లా ఇబ్బంది పెట్టేవి రెండు: వెనక్కి జరగడానికి చోటు లేకపోవడం, వెలుతురు లేకపోవడం. బేలంలో రెండూ ఉంటాయి. లేపాక్షి మండపాల్లోనూ అంతే. 18-300కి ఈ రెంటిలో దేనికీ జవాబు లేదు. 620 గ్రాముల ఆ లెన్సు 403 గ్రాముల మీ కెమెరా ముందు వేలాడుతూ చేతిని లాగుతుంది.

వెడల్పు లెక్క చూడండి. మీ సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. దూరాన్ని 23.5తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. 10 మీటర్ల దూరంలో 18 ఎంఎంకు 13 మీటర్లు, 16కు 14.7 మీటర్లు, 11కు 21 మీటర్ల పైచిలుకు పడుతుంది. కిట్ లెన్సు తీసేసి 18తో మొదలయ్యే జూమ్ కొన్నవాళ్లకు గుళ్లో మొదట తెలిసొచ్చే నష్టం ఆ రెండు మిల్లీమీటర్లదే.

నా సలహా: సోనీ 18-135 ఎఫ్/3.5-5.6 ఓఎస్ఎస్ (లెన్సులోనే చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఒకటి, సోనీ 11 ఎంఎం ఎఫ్/1.8 ఒకటి. మొదటిది 325 గ్రాములు, రెండోది 181. రెండూ కలిపినా 506 గ్రాములే. రెంటికీ ఫిల్టర్ సైజు 55 ఎంఎం కాబట్టి ఒక్క పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) కొంటే చాలు. 116 గ్రాముల కిట్ లెన్సును అమ్మకండి, సంచీలో ఓ మూల పడి ఉండనివ్వండి. ప్రయాణంలో ఒక లెన్సు కింద పడితే అదే ఆదుకుంటుంది.

జవాబు 2

18-135తో నాకు పేచీ ఉంది. గుళ్లో జూమ్ చేసేసరికి అది ఎఫ్/5 దాటుతుంది. సిగ్మా 18-50 ఎఫ్/2.8 మొత్తం రేంజిలో ఎఫ్/2.8 ఇస్తుంది, బరువు 300 గ్రాములలోపే, ఫిల్టర్ కూడా 55 ఎంఎమ్మే. 50 దగ్గర రెంటికీ తేడా ఒకటిన్నర స్టాపు పైనే (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). పైగా ఫోటో కూడా స్పష్టంగా వస్తుంది. 11 ఎంఎంకు జతగా నేనైతే సిగ్మానే చెబుతాను.

జవాబు 1

స్పష్టత విషయంలో మీ మాట నిజం. కానీ ఎ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదు, సిగ్మా 18-50లోనూ లేదు. ఈ జతకు చేతి వణుకును ఆపేది ఏదీ ఉండదు. ఎ6600, ఎ6700 ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు, వాటికి బాడీలోనే ఉంటుంది.

లెక్క వేద్దాం. 50 ఎంఎం దగ్గర చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ 1/80 సెకను అయినా ఉండాలి (50ని ఒకటిన్నరతో గుణిస్తే 75). మండపంలో ఎఫ్/2.8, 1/80కి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం; పెరిగేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 3200 కావాల్సి వచ్చిందనుకోండి. అదే చోట 18-135లో ఓఎస్ఎస్ ఉంది కాబట్టి కాస్త నిలకడైన చేత్తో 1/15కు దిగొచ్చు. ఎఫ్/5 అయినా ఐఎస్ఓ 2000 దగ్గరే ఆగుతుంది. అంటే కదలని శిల్పానికి ఓఎస్ఎస్ నెగ్గింది.

మనుషుల దగ్గర లెక్క తిరగబడుతుంది. హారతి పళ్లెం పట్టుకున్న చేయి, నడిచే భక్తులు 1/15లో సాగిపోయి కనిపిస్తారు. వాళ్లకు 1/125 కావాలి, అక్కడ ఓఎస్ఎస్ చేయగలిగిందేమీ లేదు, ఎఫ్/2.8 మాత్రమే ఆదుకుంటుంది. కాబట్టి అడిగినవారు తేల్చుకోవాల్సింది ఇది: రాళ్లు ఎక్కువ తీస్తారా, మనుషులను ఎక్కువ తీస్తారా?

రెండూ కావాలంటే ట్యామ్రాన్ 17-70 ఎఫ్/2.8 ఉంది, అందులో స్టెబిలైజేషన్ ఉంది. కానీ అదొక్కటే 525 గ్రాములు, ఫిల్టర్ 67 ఎంఎం. మెడలో రోజంతా వేసుకుని హంపి ఎండలో తిరగడానికి అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు నేను చెప్పను.

అడిగినవారు

ధన్యవాదాలండీ. ఫోటోలు లెక్క చూశాను. సగానికి పైగా 16 దగ్గరే ఉన్నాయి. మనుషులకన్నా కట్టడాలే ఎక్కువ. కాబట్టి 18-135, 11 జతే తీసుకుంటాను. లేపాక్షిలో పైకప్పు మీది చిత్రాలు తీయాలని బాగా కోరిక. ట్రైపాడ్ లేకుండా వస్తాయా? హంపిలో విరూపాక్ష గోపురం మొత్తం ఫ్రేములో పడుతుందా?

జవాబు 3

భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. గేటు దగ్గర అడిగితే అయ్యే పని కాదు. ఈ యాత్రకోసం ట్రైపాడ్ కొనకండి. దాని బదులు జానెడు గుడ్డసంచీ కుట్టించి అందులో అర కిలో పెసలు పోసుకెళ్లండి.

లేపాక్షి పైకప్పుకు చేయాల్సింది ఇది. తెరను పైకి పూర్తిగా తిప్పండి. ఎ6400 తెర 180 డిగ్రీలు తిరిగి లెన్సు వైపే చూస్తుంది. ఇప్పుడు నేలమీద పెసల సంచీ వేసి, కెమెరాను వీపు మీద పడుకోబెట్టండి. వ్యూఫైండర్ రబ్బరు ఎత్తుగా ఉంటుంది కాబట్టి సంచీ లేకపోతే కెమెరా ఒరుగుతుంది. లెన్సూ తెరా రెండూ పైకే చూస్తాయి కాబట్టి వంగి ఫ్రేము సరిచూసుకోవచ్చు. 2 సెకన్ల సెల్ఫ్ టైమర్ పెట్టి నొక్కి పక్కకు జరగండి, లేకపోతే మీ తల ఫోటోలో పడుతుంది. జనం నడిచే దారిలో పెట్టకండి. ఖాళీ అయ్యేదాకా ఆగండి.

సెట్టింగులు: రా ఫార్మాట్ (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు), ఐఎస్ఓ 100 నుంచి 400, ఎఫ్/4, షట్టర్ ఎంత వస్తే అంత. సెకను వచ్చినా ఫర్వాలేదు. 18-135 వాడితే సంచీ మీద పెట్టినప్పుడు ఓఎస్ఎస్ ఆపేయండి. ఎఫ్/11 పెట్టాలన్న ఆలోచన అసలొద్దు. 16 ఎంఎం, ఎఫ్/4లో మూడు మీటర్ల చిల్లర దగ్గర ఫోకస్ చేస్తే సగం దూరం నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. 11 ఎంఎంలో ఆ దూరం మీటరున్నర మాత్రమే. ఎఫ్/11 అంటే ఎనిమిదోవంతు వెలుతురు మిగులుతుంది, దక్కేదేమీ లేదు.

ఫ్లాష్ వద్దు. అవి వందల ఏళ్ల నాటి రంగులు. ఏఎఫ్ ఇల్యూమినేటర్ కూడా మెనూలో ఆఫ్ చేయండి, మసకలో ఫోకస్ చేసేటప్పుడు కెమెరా ముందునుంచి నారింజ దీపం వెలుగుతుంది.

విరూపాక్ష గోపురం ఎత్తు సుమారు 50 మీటర్లు. కెమెరాను పైకి ఎత్తితే గోడలు లోపలికి వాలినట్టు వస్తాయి. నిటారుగా రావాలంటే కెమెరా నేలకు సమాంతరంగా ఉండాలి, అప్పుడు ఫ్రేములో పై సగమే గోపురానికి పనికొస్తుంది. నిలువు ఫ్రేముతో 16 ఎంఎంకు దాదాపు 65 మీటర్లు, 11కు 45 మీటర్లు వెనక్కి జరగాలి. అదృష్టవశాత్తూ ఎదురుగా హంపి బజారు వీధి పొడవుగా ఉంది, చోటుకు కొదవ లేదు. కింద సగం వీధి పడుతుంది, దాన్ని తర్వాత కత్తిరించుకోవచ్చు. పొద్దున్నే వెళ్తే గోపురం తూర్పు ముఖం మీద ఎండ పడుతుంది.

గుడి లోపల ఒక గదిలో ఈ గోపురం నీడ గోడమీద తలకిందులుగా పడుతుంది, చిన్న రంధ్రమే లెన్సు పని చేస్తుంది. తప్పక చూడండి. మసకగా ఉంటుంది కాబట్టి పెసల సంచీని దేనికైనా ఆనించి అర సెకను పైన ఇచ్చి చూడండి. గర్భగుడి వైపు మాత్రం కెమెరా ఎత్తకండి.

జవాబు 4

బేలం గురించి ఎవరూ చెప్పలేదు, అక్కడే ఎక్కువ ఫోటోలు చెడతాయి.

గుహ లోపల వేడి, తేమ. ఏసీ కారులోంచి చల్లబడిన కెమెరాను నేరుగా దించితే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచీ జిప్పు మూసే ఉంచి 20 నుంచి 30 నిమిషాలు బయటి గాలికి అలవాటు కానివ్వండి. అంతకన్నా మేలు, దారి పొడవునా డిక్కీలో పెట్టడం. ఆవిరి పట్టాక తుడవకండి, మళ్లీ పడుతుంది. ఆ సమయంలో లెన్సు విప్పితే తేమ సెన్సర్ దాకా పోతుంది.

11 ఎంఎం లెన్సును పైనే తగిలించుకుని గుహలోకి దిగండి. ఎఫ్/1.8కీ కిట్ లెన్సు ఎఫ్/3.5కీ మధ్య దాదాపు రెండు స్టాపుల తేడా ఉంది. 11 ఎంఎంను 1/25లో కూడా చేత్తో తీయొచ్చు.

కరెంటు దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సైలెంట్ షూటింగ్ ఆన్‌లో ఉంటే ఫోటోలో అడ్డచారలు వస్తాయి. దాన్ని ఆపేసి 1/25, 1/50, 1/100 లాంటి వేగాలే వాడండి. దీపాల రంగులు రకరకాలు, రా ఫార్మాట్ ఉంటే ఇంటికొచ్చి సరిచేసుకోవచ్చు. పోలరైజర్ ఉంటే తీసేయండి, అది ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు మింగేస్తుంది.

గండికోటకు మాత్రం ఆ పోలరైజర్ 18-135 మీద బాగుంటుంది, సూర్యుడికి పక్కవాటుగా తిరిగినప్పుడు రాయి మీద తెల్లటి మెరుపు తగ్గి ఎర్రరంగు తేలుతుంది. 11 మీద వద్దు, ఆకాశంలో ఒక పక్క నల్లటి మచ్చలా వస్తుంది. ముందు రాయి, వెనక పెన్నా లోయ రెండూ కావాలంటే 18 ఎంఎం, ఎఫ్/8, రెండు మీటర్ల దగ్గర ఫోకస్. ఉదయం లోయ నల్లగా, ఆకాశం తెల్లగా వస్తుంటే బ్రాకెట్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతురులో వరసగా తీసే సెట్టింగు) 2.0 ఈవీ, అంటే రెండు స్టాపుల తేడాతో, మూడు ఫోటోలు పెట్టండి. తెర చూస్తూ వెనక్కి అడుగు వేయకండి, ముందు కెమెరా దించి కాళ్ల దగ్గర చూసుకోండి. ఆ అంచు కింద ఏమీ ఉండదు.

జవాబు 2

బ్యాటరీల మాట. ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యు50 నిండా ఉంటే 400 ఫోటోల చుట్టూ వస్తుంది. మొత్తం మూడు ఉంచుకోండి. ఎ6400కు ఉన్నది మైక్రో యూఎస్‌బీ, ఫోన్ల టైప్-సి కేబుల్ పట్టదు. కేబుల్ మరిచిపోతే ఊళ్లో దొరకడం కష్టం. ఎప్పుడైనా విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచీలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో వేయకూడదు.

కార్డు 64 జీబీ చాలు, రా ఫోటోలు రెండు వేల పైన పడతాయి. ఇంకా వేగమైన యూహెచ్ఎస్-2 కార్డుకు డబ్బు పెట్టొద్దు, ఈ కెమెరా స్లాటు యూహెచ్ఎస్-1.

అడిగినవారు

చివరి సందేహం. హంపి దగ్గర దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం కూడా చూడాలని ఉంది. 135 సరిపోతుందా? హంపి దుమ్ములో లెన్సులు మార్చడం భయంగా ఉంది.

జవాబు 1

దరోజికి 135 చాలదు, ఎలుగులను వాచ్ టవర్ మీదనుంచి దూరంగా చూడాలి. ఒక్క సాయంత్రం కోసం కొనకండి, సోనీ 70-350 ఎంఎం లెన్సును అద్దెకు తీసుకోండి. అది 625 గ్రాములు, అదయ్యాక గదిలో పెట్టేయండి. అద్దె లెన్సు చేతికి వచ్చినప్పుడు వెనకనుంచి టార్చి వేసి లోపల సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి. ఇటుక గోడకు ఎదురుగా నిలబడి అపర్చర్ పూర్తిగా తెరిచి (ఎఫ్ అంకె వీలైనంత తగ్గించి) ఒక ఫోటో తీయండి. నాలుగు మూలల్లో ఒక్కటే మసకగా ఉంటే లోపలి అద్దం పక్కకు జరిగిందన్నమాట, మార్చి ఇమ్మనండి. కొత్త లెన్సులకూ ఇదే పరీక్ష, బిల్లు చేతిలో ఉండగానే.

దుమ్ము విషయం. మార్చేముందు కెమెరా ఆఫ్ చేయండి, గాలికి వీపు పెట్టి నిలబడండి, మౌంటు నేలవైపు చూడాలి. కొత్త లెన్సు వెనక మూత ముందే వదులు చేసి పెట్టుకుంటే సెన్సర్ తెరిచి ఉండే సమయం మూడు నాలుగు సెకన్లకు మించదు. కారులో మార్చితే ఇంకా మంచిది. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపరలు పడతాయి. రబ్బరు బ్లోయర్ చాలు. రోజూ రాత్రి గదిలో ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, తెల్లగోడను ఫోటో తీసి చూడండి. నల్ల చుక్కలు కనిపిస్తే మెనూలో క్లీనింగ్ మోడ్ ఒకసారి, ఆపైన బ్లోయర్. అప్పటికీ పోకపోతే వదిలేయండి, ఎఫ్/5.6 దగ్గర అవి దాదాపు కనిపించవు. తడి స్వాబుతో తుడవడం ఇంటికొచ్చాకే.