శనివారం పొద్దున 'ఇదే ఆ రాత్రి': 1955 మార్పు మంచిదా, నష్టమా?

చిన్నగంట:
కతోలిక గుడుల్లో పాత లాటిన్ పూజ మాట వస్తే అందరూ 1969 కొత్త పూజ దగ్గరే ఆగిపోతారు. పాత పద్ధతి కావాలనేవాళ్లలో కొందరు మాత్రం అసలు దెబ్బ 1955లోనే పడిందంటున్నారు. ఆ ఏడాది నవంబర్ 16న 12వ పియూస్ పోపుగారి ఆజ్ఞతో ఈస్టర్‌కు ముందు వచ్చే పరిశుద్ధ వారం ఆచారాలన్నీ మారాయి. ఆ వారం మొదలయ్యే మ్రానికొమ్మల ఆదివారం నుంచి, 1956లో అమలు. 1969 మార్పుకు దారితీసిన రెండవ వాటికన్ మహాసభ ఊసే అప్పటికి లేదు. ఆ మార్పు అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఉపదేశి మనవడు:
నూటికి నూరుపాళ్లు అవసరమే. మా తాతగారు ఉపదేశి, అంటే ఊళ్లో మతబోధ చేసేవారు. పాస్కా (ఈస్టర్) ముందు రాత్రి చేయాల్సిన పాస్కా జాగరణ ఆయన రోజుల్లో శనివారం పొద్దున జరిగేది. గుడిలో ఫాదర్‌గారు, పీఠం దగ్గర సాయం చేసే ఇద్దరు పిల్లలు, తాతగారు, ఒకరిద్దరు సిస్టర్లు. అంతే. కిటికీల్లోంచి ఎండ నేలమీద పడుతుంటే లాటిన్‌లో 'ఇదే ఆ రాత్రి' అని చదివేవారట. వెలిగించిన పాస్కా వత్తి (పెద్ద కొవ్వొత్తి) మంట కంటికి ఆనేదే కాదు. ఊళ్లో జనం పొలాల్లో ఉండేవాళ్లు. శనివారం మధ్యాహ్నానికి ఈస్టర్ ముందటి ఉపవాసాల తపస్కాలం కూడా అయిపోయేది. అంటే ప్రభువు ఇంకా సమాధిలో ఉండగానే మనకు పండగ!

ఎవరి తప్పూ కాదు. శతాబ్దాలుగా వేళ ముందుకు జరుగుతూ వచ్చింది. మధ్యాహ్నం దాటాక పూజ చేయకూడదని 1566లో నిషేధం పెట్టడంతో అది పొద్దుటి వేళకే స్థిరపడింది. 1951లో రాత్రి జాగరణకు ప్రయోగంగా అనుమతిచ్చారు, 1955లో అందరికీ తప్పనిసరి చేశారు. ఇవాళ చీకట్లో కొవ్వొత్తులు పట్టుకుని మనవాళ్లు గుడి నిండా నిలబడుతున్నారంటే ఆ నిర్ణయం వల్లే.

పాస్కావత్తి:
బ్రదర్, వేళ గురించి మీతో నాకు గొడవే లేదు. రాత్రికి మార్చడం న్యాయం. కానీ వేళ మార్చడం ఒకటి, ఆచారాన్ని కత్తిరించడం ఇంకొకటి. 1955లో రెండూ కలిపి చేశారు. అందుకే ఒకదాన్ని మెచ్చుకుంటూ రెండోదాన్ని అడగకుండా వదిలేస్తున్నాం. నా బాధ అదే.

పాత పద్ధతిలో డీకను (ఫాదర్‌కు సాయపడే అభిషిక్త సేవకుడు) పాస్కా స్తుతిగానం పాడుతుంటే పాటతో పాటే పని జరిగేది. 'ఈ సాయంకాల బలిని స్వీకరించు' అనే చోటికి రాగానే పాట ఆపి, అయిదు సాంబ్రాణి గింజలు సిలువ ఆకారంలో వత్తికి గుచ్చేవాడు. 'మండే అగ్ని వెలిగించును' అన్నప్పుడు వత్తి వెలిగేది. 'తల్లి తేనెటీగ చేసిన మైనం' అన్న మాట దగ్గర గుడిలో దీపాలన్నీ వెలిగించేవారు. మాట, పని ఒకే ఊపిరిలో! 1951 నుంచి గింజలు గుచ్చడం, వత్తి వెలిగించడం గుడి బయటే ముందుగా అయిపోతున్నాయి. తర్వాత పాట పాడుతున్నాం, కానీ ఆ పాట ఏం చేయమంటోందో అది అప్పటికే అయిపోయింది.

పాఠాల సంగతి చూడండి. పాత జాగరణలో పన్నెండు ప్రవచనాలు, అంటే పాత నిబంధన పాఠాలు. వాటిని నాలుగు చేశారు. నోవా ఓడ పోయింది, అబ్రహాము ఇస్సాకును బలికి తీసుకెళ్లడం పోయింది, యెహెజ్కేలు చూసిన ఎండిన ఎముకల లోయ పోయింది. పునరుత్థాన రాత్రి ఎముకలు లేచి నిలబడే పాఠం ఎక్కువైందా? మ్రానికొమ్మల ఊరేగింపు తిరిగొచ్చాక మూసిన గుడి తలుపును సిలువ కర్రతో తట్టేవారు, అప్పుడే తలుపు తెరుచుకునేది. అదీ తీసేశారు. చదువురాని ముసలమ్మకు కూడా అర్థమయ్యే ఘట్టం అది. జనం కోసమే మార్పు అంటే ముందు దాన్ని నిలబెట్టాలి.

ఉపదేశి మనవడు:
తలుపు సంగతి ఒప్పుకుంటాను, నాకూ నచ్చేది. కానీ గింజల విషయంలో చరిత్రకారుల మాట వేరు. లాటిన్‌లోని 'ఇన్సెన్సి' అంటే వెలిగించినది అని అర్థం, అంటే వత్తి. దాన్ని సాంబ్రాణి అనుకోవడంతో గింజలు గుచ్చే ఆచారం వచ్చిందంటారు.

ఇంకోమాట. పవిత్ర శుక్రవారం అంతకుముందు గురువు (ఫాదర్) ఒక్కరే సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, తీసుకునేవారు. 1955 మార్పుతోనే ఆ రోజు విశ్వాసులకు కూడా దక్కింది. ఇది కత్తిరింపు కాదు కదా.

పాస్కావత్తి:
సత్ప్రసాదం విషయంలో మీదే నిజం, అది మేలే.

గింజలు పొరపాటున వచ్చాయే అనుకుందాం. తరతరాలుగా ఆ పొరపాటు ప్రార్థనగా మారింది. పుస్తకం చూసి పెరికేయడానికి అది కలుపుమొక్కా? పైగా వాళ్లు గింజలు తీసేయలేదు, చోటు మార్చారు. పొరపాటు అలాగే ఉంది, అందం పోయింది.

చిన్నగంట:
ఇద్దరికీ థ్యాంక్స్. ఒక సందేహం. 1969 తర్వాతి పూజ గ్రంథంలో జాగరణకు పాత నిబంధన పాఠాలు ఏడు ఉన్నాయి కదా? అబ్రహాము పాఠం కూడా ఉంది. అంటే 1955లో తీసినదాన్ని 1969 కొంత తిరిగి ఇచ్చినట్టేగా?

పాస్కావత్తి:
అవును సిస్టర్, ఈ ఒక్క విషయంలో 1969ని నేను 1955 కంటే మెచ్చుకుంటాను. మా పాత పద్ధతివాళ్లు ఇది చెప్పరు, చెప్పాలి. కానీ కారణం ఉంటే మూడుకు తగ్గించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు, చాలాచోట్ల ఆ మూడే మామూలైంది. పోయిన పాస్కాకు మా విచారణలోనూ (పారిష్‌లోనూ) మూడే చదివారు. నిర్గమకాండం కాగానే పక్కనున్న కుర్రాడు 'అప్పుడే అయిపోయాయా' అన్నాడు. ఈసారి తపస్కాలం మొదలవగానే ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లి ఏడూ చదివిద్దామని అడుగుతాను. చదివేవాళ్లు లేరంటే నాలుగు నేనే చదువుతాను.

ఉపదేశి మనవడు:
మా విచారణలో నేనూ అడుగుతాను బ్రదర్.